పండుగ బంతిలో వండినవారికీ చోటుండాలి

సంపాదకుల వారికి నమస్కారాలు.

ఏటా సంక్రాంతి వెళ్లిన మర్నాటికల్లా మన దినపత్రికల్లో ఒక ఫొటో తప్పకుండా వస్తుంది. గోదావరి జిల్లాల్లో ఏదో ఒక ఊళ్లో కొత్త అల్లుడిని కూర్చోబెట్టి, ఆయన ముందున్న బల్ల మీద వందల రకాల వంటకాలు పేర్చి, అత్తమామలు పక్కన నిలబడి తీయించుకున్న ఫొటో అది. వంటకాలు ఎన్ని రకాలో వార్తలో అంకెతో సహా ఉంటుంది. అల్లుడిది ఏ ఊరో, అమ్మాయి ఏం చదివిందో కూడా ఉంటుంది. వాటిని ఎవరు వండారు, ఎన్నాళ్ల నుంచి వండారు, వండినవారు ఆ రోజు ఎన్నింటికి భోంచేశారు అన్న సంగతులు మాత్రం ఏ వార్తలోనూ నాకు కనిపించలేదు. ఆ కుటుంబాల ఆదరణను నేను తక్కువ చేయడం లేదు. అల్లుడికి మర్యాద చేయడం మా ప్రాంతానికి ఇష్టమైన ముచ్చట, ఆ ముచ్చట ఉండాలనే కోరుకునేదాన్ని నేను. ఈ ఉత్తరం ఆ ఫొటోలో కనిపించని మనుషుల గురించి.

పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక పెద్ద కుటుంబానికి నేను పెద్దకోడలిని. సంక్రాంతికి మా ఇంట్లో సుమారు నలభై మంది కలుస్తారు. అంత మంది ఒకచోట కూర్చుని భోంచేయడం కంటే పండుగలో గొప్ప సంగతి మరొకటి లేదని నమ్మేవాళ్లలో నేనూ ఉన్నాను. అందుకే వండిన చేతులకు కూడా మొదటి బంతిలో చోటుండాలని, ఆ లెక్కన ముందునుంచీ ఏర్పాట్లు చేసుకోవాలని, అలా చేసుకోవడం ఏ ఇంటికీ అసాధ్యం కాదని చెప్పదలచుకున్నాను.

పండుగ భోజనం గురించి మన ఇళ్లలో మాట ఎప్పుడూ ఏమేం వండాలి అన్న దగ్గర మొదలై అక్కడే ఆగిపోతుంది. ఎవరు వండాలి, ఎప్పుడు వండాలి, ఎవరు వడ్డించాలి, ఎవరు ఏ బంతిలో కూర్చోవాలి అని ఎవరూ అడగరు, ఎందుకంటే వాటికి జవాబులు ఏనాడో ఖాయమైపోయాయి. మొదటి బంతిలో పెద్దవారు, అల్లుళ్లు, ఇంటి మగవారు కూర్చుంటారు. రెండో బంతిలో పిల్లలు, ఆలస్యంగా వచ్చినవారు కూర్చుంటారు. ఆడవారి బంతి లేచేసరికి మూడున్నర దాటుతుంది. అప్పటికి అప్పడాలు మెత్తబడి ఉంటాయి, గారెలు చల్లారి గట్టిపడతాయి, దప్పళంలో ముక్కలు అయిపోయి పులుసు మాత్రం మిగులుతుంది, నెయ్యి గిన్నెను వంచితే చుక్క రాలదు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిన కూర్చున్నా ఒకటే అంటారు పెద్దలు. మన ఇళ్లలో కడబంతిన కూర్చునేవారికి వడ్డించడానికి అసలు ఎవరూ మిగలరు. గిన్నెలన్నీ మధ్యలో పెట్టుకుని, ఎవరికి వారే వేసుకుని, మధ్యలో ఎవరో మంచినీళ్లు అడిగితే ఎంగిలిచేత్తో లేచి వెళ్లి, తిరిగి వచ్చి ఆ నాలుగు మెతుకులూ ముగిస్తారు.

ఇది ఆకలికి మాత్రమే సంబంధించిన విషయం కాదు. మా తోడికోడళ్లలో, ఆడపడుచుల్లో సగం మందికి ఇప్పుడు మధుమేహమో, రక్తపోటో ఉంది. చాలా ఇళ్లలో పరిస్థితి ఇదే. వేళకు మాత్ర వేసుకుని వేళకు అన్నం తినవలసిన మనిషి, తెల్లవారుజామున కాఫీ తాగి మధ్యాహ్నం మూడింటి దాకా పొయ్యి దగ్గర నిలబడితే ఏమవుతుందో చెప్పడానికి వైద్యుడు అక్కరలేదు. పండుగ పూట కళ్లు తిరిగి పడిపోయిన పెద్దమ్మను లేపి పంచదార నీళ్లు పట్టించిన ఇళ్లు ఎన్నో ఉన్నాయి. అలా పట్టించినవారు కూడా ఆ తరువాత మళ్లీ వడ్డనకే వెళ్లారు.

మామూలు రోజుల్లో ఉన్న తేడాయే పండుగనాడు ఇంకా పెరుగుతుంది. జాతీయ గణాంక కార్యాలయం 2019లో జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే ఆడవారు రోజుకు సగటున 299 నిమిషాలు జీతం లేని ఆ పనికే వెచ్చిస్తుండగా, ఇంటిపనిలో చేయి పెట్టే మగవారు వెచ్చించేది 97 నిమిషాలు. 2024లో మళ్లీ సర్వే చేస్తే అవి 289, 88గా తేలాయి. అంటే ఐదేళ్లలో ఇద్దరి సమయమూ కొద్దిగా తగ్గింది కానీ ఇద్దరి మధ్య ఉన్న దూరం దాదాపు అలాగే ఉంది. హైదరాబాదు నుంచి విజయవాడ దారిలో టోల్‌గేట్ల దగ్గర గంటలకొద్దీ నిలిచి, భోగి తెల్లవారుజామున ఊరు చేరిన భార్యాభర్తలను చూడండి. ఇద్దరూ ఒకే ఉద్యోగం చేస్తారు, ఇద్దరూ రాత్రంతా మేలుకునే ఉంటారు. దిగగానే కొడుకుకు పక్క పరిచి పడుకోమంటారు, కోడలు మొహం కడుక్కుని వంటింట్లోకి నడుస్తుంది. ఆమెను ఎవరూ పొమ్మనలేదు. పడుకోమని కూడా ఎవరూ అనలేదు.

ఈ మాట ఎత్తితే ఆడవారి నుంచే ఒక అభ్యంతరం వస్తుంది, దాన్ని నేను గౌరవిస్తాను. అందరి భోజనాలూ అయ్యాక, మగవారు పడుకున్నాక, ఆడవారందరూ ఒకచోట చేరి నింపాదిగా తింటూ కబుర్లు చెప్పుకోవడంలో ఉన్న సుఖం మరెక్కడా లేదని మా మేనత్తగారు అంటారు. అది నిజమే. ఏడాదికొకసారి కలిసే అక్కచెల్లెళ్లకు, వదినా మరదళ్లకు ఆ గంట ఎంత విలువైనదో నాకు తెలుసు. అయితే ఆ గంట వేడి అన్నం ముందు కూడా దొరకవచ్చు, అందరూ తిన్నాక తాంబూలాలు వేసుకుంటూ కూడా దొరకవచ్చు. చల్లారిన కూరలు తింటేనే కబుర్లు సాగుతాయన్న నియమం ఏమీ లేదు. మేము ఇష్టపడి ఆఖరున కూర్చుంటే అది మా ఇష్టం. వేరే దారి లేక ఆఖరున కూర్చుంటే దాన్ని ఇష్టమని పిలవకూడదు.

పెద్ద వంటను ఒకరిద్దరి నెత్తిన వేయడం మన ఆచారమని అనుకునేవారు అరిసెలు వండే రోజును ఒకసారి గుర్తు చేసుకోవాలి. ముందురోజు నానబోసిన బియ్యాన్ని వార్చి, తడి ఆరకముందే దంచిన పిండి అది. బెల్లం పాకాన్ని నీళ్లలో చుక్క వేసి, వేళ్ల మధ్య ఉండ కడుతోందో లేదో ఒకరు చూస్తుండాలి. ఉండకట్టిన క్షణాన గిన్నె దించి ఒకరు పిండి పోస్తుంటే మరొకరు తెడ్డుతో ఆపకుండా కలపాలి, లేకపోతే ఉండలు కడుతుంది. చలిమిడి వేడి తగ్గకముందే ఒకరు ఆకు మీద తట్టాలి, ఒకరు నూనెలో వేయాలి, ఇంకొకరు తీసిన అరిసెను రెండు చెక్కల మధ్య పెట్టి నూనె కారేలా నొక్కాలి. ఇందులో ఏ ఒక్కరు లేచి వెళ్లినా పాకం ముదిరిపోతుంది. అందుకే ఇరుగుపొరుగువారు ఈరోజు మీ ఇంట్లో, రేపు మా ఇంట్లో అని వంతులు వేసుకుని వండుకునేవారు. తెలంగాణలో సకినాలకు కూడా అంతే. నువ్వులు, వాము కలిపిన బియ్యప్పిండిని పరిచిన బట్ట మీద చుట్టలు చుట్టడానికి వాడకట్టు ఆడవారందరూ వచ్చి కూర్చుంటారు. పండుగ వంటను పంచుకోవడం మనకు కొత్త కాదు. ఉమ్మడి కుటుంబాలు విడిపోయి, ఇరుగుపొరుగు పలచబడి, పనిచేసే చేతులు తగ్గినా, ఆకులో రకాలు మాత్రం తగ్గకపోగా పెరిగాయి. ఇబ్బంది అంతా అక్కడే వచ్చింది.

ఇక మా ఇంట్లో ఏం చేస్తున్నామో చెబుతాను. ఇందులో గొప్ప కనిపెట్టడాలు ఏమీ లేవు, కానీ ఎవరికైనా పనికిరావచ్చు.

పండుగకు పది పన్నెండు రోజుల ముందు అందరం ఫోన్‌లో ఒకసారి మాట్లాడుకుంటాం. మగవారు కూడా ఆ మాటల్లో ఉండి తీరాలన్నది మా మరిదిగారి భార్య పెట్టిన నియమం, అది చాలా మంచి నియమం. ఎవరెవరు వస్తున్నారు, ఏ పూటకు వస్తున్నారు, ఎవరికి ఏం పడదు, సంక్రాంతి నాడు తర్పణాలు వదిలేవారు ఎవరు, ఉల్లి వెల్లుల్లి తినని వారు ఎవరు అని రాసుకుంటాం. ఆ తరువాతే వంటకాల సంగతికి వస్తాం. అప్పుడు కూడా మా మొదటి ప్రశ్న ఎన్ని రకాలు అని కాదు, భోజనాల వేళకు పొయ్యి మీద ఉండవలసినవి ఎన్ని అని.

నా అనుభవంలో ఈ ప్రశ్నే అన్నింటికంటే ముఖ్యం. ఆకులో పదిహేను రకాలు ఉన్నా వండినవారు కూర్చోవచ్చు, ఏడు రకాలే ఉన్నా కూర్చోలేకపోవచ్చు. ఆఖరి గంటలో ఎన్ని పొయ్యిలు వెలుగుతున్నాయన్న దాని మీదే అదంతా ఆధారపడి ఉంటుంది. అరిసెలు, జంతికలు, సున్నుండలు వారం ముందే డబ్బాల్లోకి వెళతాయి. గోంగూర పచ్చడి ముందురోజు నూరితేనే రుచి. బొబ్బట్లు ముందురోజు సాయంత్రం కాల్చి ఉంచితే మర్నాటికి పూర్ణం తేమ పైపొరలోకి దిగి ఇంకా మెత్తబడతాయి, తినేముందు పెనం మీద నేతితో ఒక్కసారి వెచ్చబెడితే చాలు. పులిహోరకు చింతపండు గుజ్జును పచ్చిమిర్చి, పసుపు, ఇంగువ వేసి ముందురోజే ఉడికించి పెట్టుకుంటే, పొద్దున అన్నం వార్చి పెద్ద పళ్లెంలో ఆరబోసి కలపడం పావుగంట పని. కలిపాక రెండు మూడు గంటలు ఊరితేనే పులిహోరకు పులుపు పడుతుంది కనుక తొందరగా చేయడమే మేలు. గుమ్మడికాయ, మునక్కాడ, ముల్లంగి, చిలగడదుంప వేసిన దప్పళం కూడా నిలిచేకొద్దీ బాగుపడే వంటకమే. కూరల్లో కంద బచ్చలి ముందు చేసి పెట్టుకోవచ్చు, వంకాయ మాత్రం వేడిగా ఉంటేనే బాగుంటుంది. ఇలా ఒక్కొక్కటీ ముందుకు జరుపుకుంటూ వస్తే భోజనాల వేళకు అన్నం, వేపుడు, అప్పడాలు మాత్రమే పొయ్యి మీద మిగులుతాయి.

చిక్కంతా గారెలతోనే. గారె నూనెలోంచి తీసిన వెంటనే ఆకులో పడాలి, అందుకని బంతి సాగినంతసేపూ ఒక మనిషి మూకుడు ముందునుంచి కదలడానికి వీలుండదు. ఆ మనిషి ఎవరో మనందరికీ తెలుసు. మా ఇంట్లో దీన్ని రెండు విధాలుగా సరిచేసుకున్నాం. సంక్రాంతి నాటి భోజనంలోకి ఆవడలు పెట్టుకున్నాం. వాటిని పొద్దున్నే వేసి, ఆవపిండి కలిపిన పెరుగులో నాననిస్తే భోజనాల వేళకు ఎవరూ పొయ్యి దగ్గర ఉండనక్కరలేదు. కనుమ నాడు మినుము తినాలన్న మాట ఉంది కనుక ఆ రోజు గారెలను మధ్యాహ్న భోజనంలోంచి తీసి ఉదయం ఫలహారానికి మార్చాం. అల్లం పచ్చడితో, నాటుకోడి పులుసుతో ఎవరు లేచిన వేళకు వారు వేడివేడిగా తింటారు. మూకుడు ముందు మా మరుదులు ఇద్దరూ వంతులవారీగా నిలబడతారు. మినప్పప్పు నాలుగు గంటలు నానాలని, రుబ్బేటప్పుడు నీళ్లు చిలకరించాలే తప్ప పోయకూడదని, ఉప్పు ముందే వేస్తే పిండి జారిపోతుంది కనుక వేసే ముందే కలపాలని ఒకసారి చెబితే చాలు, ఎవరికైనా వస్తుంది. చేయి తడి చేసుకుని, ఆకు మీద తట్టి, మధ్యలో చిల్లు పెట్టి నూనెలోకి జార్చడం మా చిన్న మరిది మొదటి వాయిలోనే పట్టేశాడు.

మగవారికి వంట రాదన్న మాటలో నిజం లేదని ఈ సందర్భంలో చెప్పాలి. మన పెళ్లిళ్లలో వందల మందికి గంగాళాలతో వండి వార్చేది అధికభాగం మగ వంటవారే. కనుమ నాడు పెరట్లో రాళ్ల పొయ్యి పెట్టి నాటుకోడి ఉడికించేది, బిర్యానీకి దమ్ము పెట్టేది చాలా ఇళ్లలో మగవారే. వారికి చేతకాదని కాదు, నలుగురూ మెచ్చుకునే వంటకాన్ని ఎంచుకుని, ఉల్లిపాయలు తరిగి ఇవ్వడం దగ్గర నుంచి గిన్నెలు తోమడం దాకా మిగిలింది లోపలికి పంపిస్తారు. మేము అడిగేది ఆ మిగిలిన పనిలో వంతు.

ఆచారం గురించి పెద్దవారికి ఉండే సందేహం న్యాయమైనదే. మహానైవేద్యం మడితో వండాలి, పెద్దలకు తర్పణాలు వదలాలి, అప్పటిదాకా ఇంటివారు భోంచేయకూడదు. మా అత్తగారు దీనికి చక్కని దారి చూపారు. నైవేద్యానికి కావలసిన పొంగలి, పప్పు, గారె, కూర చిన్న గిన్నెల్లో వేరుగా ఒకరే మడితో పొద్దున్నే వండేస్తారు, తొమ్మిది గంటలకల్లా నైవేద్యం అయిపోతుంది. ఇంటిల్లిపాదికీ కావలసిన పెద్ద వంటకు మడి నియమం లేకపోవడంతో ఎవరి చేయైనా పడవచ్చు. పిల్లలకు, మాత్రలు వేసుకునేవారికి పదింటికి ప్రసాదం, పెరుగన్నం పెట్టేస్తాం. ఆకలితో ఏడ్చే పిల్లలు లేకపోతే వంటింట్లో సగం హడావుడి తగ్గుతుంది.

వడ్డన సంగతికి వస్తే, నలభై మందినీ ఒకేసారి కూర్చోబెట్టగల హాలు మాకు లేదు. వీధి అరుగు మీద, సావిట్లో, పెరటి పందిరి కింద మూడు వరుసలు వేసి ఒకే బంతిగా కూర్చుంటాం. ఆకులు పరిచి, పచ్చళ్లు, కూరలు, పులిహోర, బొబ్బట్లు, ఆవడలు ముందుగానే వడ్డించేస్తారు. ఆ పని కాలేజీ పిల్లలది, అందులో ఆడపిల్లలు, మగపిల్లలు అన్న తేడా లేదు. ఆకు కొస ఎడమచేతి వైపు ఉండాలని, పచ్చడి పైవరుసలో పడాలని, నెయ్యి పప్పు వెంటే రావాలని వారు నేర్చుకున్నది అలా వడ్డిస్తూనే. తరువాత అన్నం, పప్పు, దప్పళం, పెరుగు గిన్నెలను ఐదారుగురికి ఒక సెట్టు చొప్పున వరుసల మధ్య పెడతారు, పిల్లలు కూడా కూర్చుంటారు, పక్కవారికి పక్కవారే వడ్డించుకుంటారు. ఇది బల్ల భోజనమంత నాజూకుగా ఉండదు. మా మామగారు మొదట్లో, అతిథి కూర్చుని ఉండగా ఇంటి ఇల్లాలు నిలబడి కొసరి కొసరి వడ్డించకపోతే మర్యాద ఏముందని బాధపడ్డారు. ఆయన మాటను మేము తోసిపుచ్చలేదు. ఇప్పుడు మొదటి ముద్దకు నెయ్యి మాత్రం ఆయనే స్వయంగా వరుస వరుసకూ వచ్చి, కోడళ్ల ఆకులతో సహా అందరికీ వడ్డించి, ఆ తరువాత కూర్చుంటున్నారు. ఇంటి పెద్ద చేతి నెయ్యి అందుకోవడం కంటే ఏ అతిథికి ఏ మర్యాద కావాలి?

వృథా గురించి ఒక మాట. ఆలోచించకుండా వండే ఇంట్లో అన్నం ఎప్పుడూ మిగులుతుంది. ఆకులో ఇన్ని రకాలు ఉన్నప్పుడు తెల్లన్నం తక్కువే వెళుతుంది. నలభై మందికి అన్నానికి నాలుగు కిలోల బియ్యం, పులిహోరకు రెండు కిలోలు మా ఇంటికి చాలుతున్నాయి, చిన్నపిల్లలు ఎక్కువగా ఉంటే ఇంకా తగ్గించవచ్చు. తక్కువైతే మరో అరకిలో కుక్కర్లో పెట్టడానికి ఇరవై నిమిషాలు పడుతుంది, ఎక్కువైతే ఆ పాపం మర్నాటిదాకా వెంటాడుతుంది. వండిన పదార్థాలను బయట రెండు గంటలకు మించి ఉంచవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. చింతపండు, నూనె ఉన్న పులిహోర సంగతి వేరు కానీ, పాలు పోసిన పరమాన్నం, పప్పు, కనుమ నాటి మాంసం కూర సాయంత్రం దాకా గట్టు మీద ఉండకూడదు. భోజనాలు కాగానే వాటిని చిన్న గిన్నెల్లోకి తీసి ఫ్రిజ్‌లో పెట్టే పని ఎవరిదో ముందే చెప్పి ఉంచాలి, లేకపోతే అది ఎవరి పనీ కాకుండా పోతుంది.

అంట్ల గురించి కూడా ముందే మాట్లాడుకోవాలి. ఇంట్లో పనిచేసే అమ్మాయికి కూడా ఆ రోజే సంక్రాంతి అని మనలో చాలామంది మరచిపోతారు. ఆమెను పండుగనాడు పిలవకుండా, ముందురోజే జీతంతో పాటు కొత్త చీర, పిండివంటలు ఇచ్చి పంపాలి. అరిటాకుల్లో తింటే కంచాలు ఉండవు, మిగిలిన గుండిగలు, మూకుళ్లు మగవారు తోమితే గంటలో పూర్తవుతుంది. మా ఇంట్లో ఆ గంటసేపు పెరట్లో వినిపించే నవ్వులకు పక్కింటివారు కూడా గోడ దగ్గరికి వస్తారు.

ఈ రోజుల్లో చాలా ఇళ్లవారు స్వగృహ దుకాణాల్లో అరిసెలు, బొబ్బట్లు కొంటున్నారు, కొందరు భోజనం మొత్తం కేటరింగ్‌కు అప్పగిస్తున్నారు. చేతనైనంత వండి రెండు మూడు రకాలు కొనుక్కోవడాన్ని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. చేసే చేతులు లేనప్పుడు కొనడమే వివేకం. భోజనమంతా బయటినుంచి తెప్పించుకోవడం మాత్రం నాకు మనస్కరించదు. ఆ వంటశాలలో ఉన్నవారికి పండుగ లేకుండా చేసి మనం పండుగ చేసుకున్నట్టవుతుంది, పైగా మన పిల్లలకు పాకం చూడడం, పిండి తట్టడం ఎప్పటికీ తెలియకుండా పోతుంది. అమెరికాలో ఉన్న మా బంధువులకు సంక్రాంతి సాధారణంగా పని రోజునే వస్తుంది, అందుకని దగ్గరి శనివారం నాడు ఒకరింట్లో కలుస్తారు. ఒకరు పులిహోర, ఒకరు పప్పు, ఒకరు పాయసం అల్యూమినియం ట్రేలలో తెస్తారు. ఇల్లు ఇచ్చినవారి మీద అన్నం, పెరుగు తప్ప భారం పడదు. ఊళ్లోనే అన్నదమ్ముల ఇళ్లు, వీధి చివర ఆడపడుచు ఇల్లు ఉండగా, ఇక్కడ ఆ పద్ధతిని పాటించడానికి అడ్డం ఏమిటో నాకు అర్థం కాదు. ఖర్చు కూడా అలాగే పంచుకోవాలి. సంక్రాంతి ముందు కూరగాయలు, పూలు, కోడి మాంసం ధరలు ఎలా పెరుగుతాయో అందరికీ తెలిసిందే. ఇల్లు పెద్దదన్న ఒక్క కారణంతో ఒక అన్నదమ్ముడి మీదే ఏటా ఆ ఖర్చు పడకూడదు.

సంపాదకుల వారికి నా విన్నపం ఇది. పండుగ ముందు మీరు వెలువరించే ప్రత్యేక అనుబంధాల్లో వంటకాల తయారీని అందంగా ప్రచురిస్తారు. కావలసిన పదార్థాల కింద బియ్యం ఎంత, బెల్లం ఎంత అని రాస్తారు. దానికి ఎంతమంది చేతులు కావాలో, ఎన్ని గంటలు పడుతుందో, ముందురోజు చేసి పెట్టుకోగలిగినది ఏదో, అప్పటికప్పుడు చేయవలసినది ఏదో కూడా దయచేసి రాయించండి. వంటలు చెప్పడానికి మగవారిని కూడా పిలవండి. వందల రకాల విందు వార్త వచ్చినప్పుడు మీ విలేకరి అల్లుడి పేరుతో పాటు వండినవారి పేర్లు కూడా అడగాలి, వారు ఎన్నింటికి భోంచేశారో అడిగి అచ్చు వేయాలి. ఆ ప్రశ్న ఒకటి వస్తుందని తెలిస్తే చాలు, వచ్చే ఏడాది ఆ ఇళ్లలో కొన్ని ఆకులు ముందే పరుస్తారని నా నమ్మకం.

నలభై, యాభై మందికి వండి పెట్టే ఇళ్లు మన రెండు రాష్ట్రాల్లోనూ వేలల్లో ఉన్నాయి, ఒక్కొక్క ఇంటికి ఒక్కొక్క ఏర్పాటు ఉంటుంది. ఒకే బంతిలో అందరూ కూర్చునే ఇళ్లవారు తమ పద్ధతిని రాసి పంపాలని మీరు పాఠకులను కోరితే, వాటిలో మంచివి ఎంచి ప్రచురిస్తే మాలాంటివారికి ఎంతో మేలు చేసినవారవుతారు. అవి జనవరి రెండో వారంలో కాకుండా ధనుర్మాసం మొదలయ్యేసరికే వస్తే, పండుగ సరుకుల చీటీ రాసుకునేలోగా ఇళ్లలో అందరూ కూర్చుని చదువుకునే వీలుంటుంది.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
పశ్చిమ గోదావరి జిల్లా.